కౌబాయ్ కవిత్వం: కర్త ఉన్న జానపదం

కౌబాయ్ అనగానే మన విద్యార్థులకు మొదట గుర్తుకు వచ్చేది సినిమా. 1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు' చూడనివారు కూడా ఆ వెడల్పు టోపీని, తోలు బూట్లను, నడుముకు వేలాడే తుపాకిని పోస్టర్ల మీదనైనా చూసే ఉంటారు. ఆ చిత్రానికి కథ సమకూర్చినవాడు 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్రే కావడం మన శాఖవారికి ఒక ముచ్చట. అయితే ఆ వేషంలో తుపాకికి ఉన్న చోటు ఆవుకు లేదు. మాటలో మాత్రం మొదటి సగం ఆవే. కౌబాయ్ అంటే కూలికి ఆవులను కాచేవాడు. అతడు కవిత్వం చెప్పాడనీ, ఇప్పటికీ చెబుతున్నాడనీ, దానికి ఒక ఛందస్సు, ఒక సభ, ఒక తగాదా కూడా ఉన్నాయనీ మనలో చాలామందికి తెలియదు. ఆ తగాదా మన జానపద సాహిత్య పాఠాలకు దగ్గరగా ఉన్నందువల్లనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసేనాటికి టెక్సాస్ మైదానాలలో పశువులు లెక్కకు మించి ఉన్నాయి, కొనేవాళ్లు ఉత్తరాన, తూర్పున ఉన్నారు. మధ్యలో రైలు లేదు. 1867లో కాన్సాస్‌లోని ఆబిలీన్ దాకా రైలు మార్గం అందగానే, దక్షిణం నుండి మందలను నెలల తరబడి నడిపించుకుపోయే వృత్తి పుట్టింది. రెండు మూడు వేల పశువుల మందకు పదీ పన్నెండు మంది కాపరులు, ఒక వంటబండి, నెలకు ముప్పై నలభై డాలర్ల జీతం. వీరందరూ సినిమాలో చూపినట్టు తెల్లవారు కారు. మెక్సికన్ వకేరోలు ఈ పనికి గురువులు. జీను, ఉచ్చుతాడు, వాటి పేర్లు వారివే. లాసో, లారియట్, రోడియో అన్నీ స్పానిష్ నుండి వచ్చినవే. బానిసత్వం నుండి అప్పుడే బయటపడిన నల్లజాతివారు గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. రాత్రి కాపలా కాసేవాడు మంద చుట్టూ గుర్రం మీద తిరుగుతూ నెమ్మదిగా పాడేవాడు; ఆ గొంతు వినబడుతున్నంతసేపూ పశువులు బెదరవు. ఉరుముకో, ఎండుపుల్ల విరిగిన చప్పుడుకో లేచి పరుగు తీశాయంటే మనుషులు వాటి కాళ్ల కింద పడిపోతారు. కనుక ఇక్కడ పాట వినోదం కావడానికి ముందే పనిముట్టు. మన నాట్లపాట, కపిలపాటల వరుసలోనే దీన్ని చూడాలి.

1874లో గ్లిడెన్ అనే ఆయన ముళ్లతీగకు పేటెంటు పొందాడు. 1886-87 చలికాలంలో మంచుతుఫానులకు మందలకు మందలే చచ్చిపోయాయి. బయలు మైదానం కంచెల పాలైంది. మందలు నడిపించుకుపోయే కాలం ఇరవై ఏళ్లకు కాస్త అటూ ఇటూగా ముగిసింది. ఈ చిన్న వ్యవధినే సినిమా వందేళ్లుగా సాగదీసి చూపుతోంది. కవిత్వం అలా కాదు. అది ఆ కాలంతో పోలేదు. పశుక్షేత్రాలలో దూడలకు ముద్రలు వేసే పని, గుర్రాలను మచ్చిక చేసే పని నేటికీ ఉన్నాయి, వాటి మీద పద్యాలూ పుడుతూనే ఉన్నాయి.

ఈ కవిత్వపు నిర్మాణం తెలుగు విద్యార్థికి సులభంగానే పట్టుబడుతుంది. ఆధారం బాలడ్: నాలుగు పాదాలు, ఒకటి మూడు పాదాలలో నాలుగేసి ఊనికలు, రెండు నాలుగు పాదాలలో మూడేసి ఊనికలు, అంత్యప్రాస. మనం పాదం రెండో అక్షరం దగ్గర ప్రాస కోసం చెవి ఒగ్గుతాం, వారు పాదం చివర వేచి ఉంటారు. కథ వేగంగా సాగవలసిన చోట రెండు తేలిక అక్షరాల తర్వాత ఒక ఊనిక వచ్చే నడక వాడతారు. మన లెక్కలో చెప్పాలంటే వరుసగా సగణాలు పడినట్టు ఉంటుంది. ఊనిక వేరు, గురువు వేరు. ఈ పోలిక చెవికే గాని శాస్త్రానికి కాదు. కాని గుర్రం దౌడు తీస్తున్నట్టు వినిపించడానికి ఆ నడక చాలు. ఈ పద్యాలను చాలావరకు పాడరు, చూసి చదవరు, కంఠస్థం చేసి చెబుతారు. ఇంగ్లండులో కిప్లింగ్, కెనడాలో రాబర్ట్ సర్వీస్ రాసిన కథాపద్యాలను కాపరులు తమ బసల్లో చదివి, కంఠతా పట్టి, ఆ ఒరవడిలో తమవి కట్టారు. అంటే ఇది అక్షరం తెలియని వారి కవిత్వం కాదు. ఈ విషయాన్ని మొదట్లోనే గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే తర్వాతి పొరపాట్లన్నీ ఇక్కడి నుండే మొదలయ్యాయి.

కళ ఎక్కడుందో చూడాలంటే ఒక పద్యాన్ని దగ్గరగా చూడాలి. అరిజోనాలోని ప్రెస్కాట్‌కు చెందిన గెయిల్ గార్డ్‌నర్ 1917లో సైన్యంలో చేరడానికి రైలులో పోతూ రాసిన 'ద సియెరీ పీట్స్' నాకు ఇందుకు తగినదిగా తోస్తుంది. కథ చిన్నది. ఇద్దరు కాపరులు కొండల్లో నెలల తరబడి పనిచేసి, విసుగెత్తి, పట్నానికి దిగి, సారాయి దుకాణాల వీధిలో ఒక్కొక్క దుకాణమే తాగుతూ పోతారు. కొండకు తిరిగి వస్తుంటే దారిలో సైతాను ఎదురవుతాడు. మీ ఆత్మలు పట్టుకుపోవడానికి వచ్చానంటాడు. వీళ్లు భయపడరు. ఒకడు తాడు విప్పి కొమ్ములకు వేస్తాడు, రెండోవాడు వెనక కాళ్లకు వేస్తాడు. ఇద్దరూ గుర్రాలను చెరోవైపూ నడిపి సైతానును నేల మీద సాగదీసి పడేస్తారు. చెవులు కత్తిరిస్తారు, ముద్ర కాలుస్తారు, కొమ్ములు కోస్తారు, తోకకు ముడులు వేసి చెట్టుకు కట్టి వదిలిపోతారు.

పైపైన చూస్తే తాగుబోతుల హాస్యకథ. కాని ఆ పనుల వరుస గమనించండి. తలకు ఒక తాడు, కాళ్లకు ఒక తాడు, సాగదీయడం, చెవికోత, ముద్ర, కొమ్ములు: కొండల్లో తిరిగే అడవి కోడెను పట్టినప్పుడు ఏ వరుసలో పనిచేస్తారో అచ్చం అదే వరుస. కవి ఒక్క మెట్టు కూడా దాటవేయలేదు. సైతాను భయంకరుడని ఎక్కడా చెప్పలేదు. అతడిని యజమాని ముద్ర లేని మరో పశువుగా చూశాడు. హాస్యం సైతానులో లేదు, పనివాడి అలవాటులో ఉంది. చేతులు నేర్చిన పని మత్తులోనూ తప్పదు, నరకం ఎదురు నిలిచినా తప్పదు. మన పల్లెల్లో దేవుడినీ యముడినీ సాటి రైతుగా చేసి చెప్పే కథలు ఉన్నాయి గాని, వృత్తి మెళకువలే కథకు మెట్లుగా ఇంత ఖచ్చితంగా నిలిచిన హాస్యపద్యం నాకు మన భాషలో తొందరగా గుర్తుకు రావడం లేదు. ఆ పని తెలిసిన శ్రోత ప్రతి మెట్టు దగ్గరా తల ఆడిస్తాడు. తెలియని శ్రోత చివర మాత్రమే నవ్వుతాడు.

ఆ పేరు సంగతి కూడా చెప్పాలి. ప్రెస్కాట్ దగ్గర సియెర్రా ప్రియెటా అనే కొండలున్నాయి. నల్లకొండలని అర్థం. ఊరి కాపరుల నోట అది సియెరీ పీట్స్ అయింది. గార్డ్‌నర్ ఆ ఉచ్చారణనే పేరుగా పెట్టాడు. పద్యానికి వరస కట్టి ఊరూరా పాడడం మొదలయ్యాక, ఆ కొండలు తెలియనివారు 'పీట్స్'ను 'పీక్స్'గా, అంటే శిఖరాలుగా దిద్దుకున్నారు. అర్థం కాని మాటను అర్థమయ్యే మాటగా మార్చుకోవడం లేఖకుల పాఠభేదాలలో మనం చదివే సంగతే. తాళపత్రం మీద వందల ఏళ్లలో జరిగేది ఇక్కడ నోటి మీద ఇరవై ముప్పై ఏళ్లలో, కర్త బతికి ఉండగానే జరిగింది. గార్డ్‌నర్ 1935లో తన పద్యాలను చిన్న పుస్తకంగా వేసుకున్నాడు. 1988 దాకా జీవించాడు. తన పద్యాన్ని కర్త తెలియని జానపద గీతమని ఇతరులు అంటుంటే విన్నాడు.

ఇదీ నేను మొదట్లో అన్న తగాదా. దీని మూలాలు ఇంకా వెనక్కి ఉన్నాయి. న్యూయార్కులో పుట్టి న్యూ మెక్సికో చేరి కాపరిగా స్థిరపడ్డ జాక్ థార్ప్ గుర్రం మీద తిరుగుతూ పాటలు సేకరించి, 1908లో ఎస్టాన్సియా అనే చిన్న ఊరి అచ్చాఫీసులో 'సాంగ్స్ ఆఫ్ ద కౌబాయ్స్' అచ్చు వేయించాడు. ఇరవై మూడు పాటలు మాత్రమే. వాటిలో కొన్ని ఆయన సొంతం. అందులో ఒకటి 1898లో మంద తోలుకుపోతూ దారిలో రాసిన 'లిటిల్ జో, ద రాంగ్లర్'. రెండేళ్ల తర్వాత, 1910లో, జాన్ లోమాక్స్ అనే ఆచార్యుడు 'కౌబాయ్ సాంగ్స్ అండ్ అదర్ ఫ్రాంటియర్ బాలడ్స్' అనే పెద్ద సంకలనం తెచ్చాడు. మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రాసిన ఉత్తరం ముందుమాటగా ఉంది. థార్ప్ పాటలు అందులో ఉన్నాయి, థార్ప్ పేరు లేదు. లోమాక్స్‌ను దొంగ అనడం సులభం. అయితే ఆయన చదివిన హార్వర్డులో ఆనాడు ప్రచారంలో ఉన్న సిద్ధాంతం ప్రకారం బాలడ్‌కు కర్త వ్యక్తి కాదు, సమూహం. ఆ కళ్లద్దాలతో చూస్తే పేరు అనవసరమే కాదు, అడ్డు కూడా. పేరు కనబడితే పాట జానపదం కాకుండా పోతుందేమోనన్న భయం. సిద్ధాంతానికి సరిపోవడం కోసం మనిషిని చెరిపేయడం పండితులకు కొత్త కాదు. 1921లో థార్ప్ తన పుస్తకాన్ని విస్తరించి తెచ్చినప్పుడు, తెలిసినంతలో ఏ పాట ఎవరిదో రాశాడు. పాటలు పాడుతూ పని చేసినవాడికి కర్తలు ఉంటారని తెలుసు. పుస్తకాలు చదివి వచ్చినవాడికి తెలియలేదు.

'లిటిల్ జో' కథనూ ఒక మాట చెప్పుకుందాం. తండ్రి మారు పెళ్లి చేసుకుంటే, సవతితల్లి కొడుతోందని ఇల్లు వదిలి వచ్చిన పిల్లవాడు ఒక మంద దగ్గర పని అడుగుతాడు. యజమాని జాలిపడి గుర్రాలను చూసుకునే పని ఇస్తాడు. ఒక తుఫాను రాత్రి మంద బెదిరి పరుగు తీస్తే అందరితోపాటు వాడూ గుర్రమెక్కి ముందుకు దూసుకుపోతాడు. తెల్లవారి చూస్తే వాగు కోతలో గుర్రం కింద నలిగిపోయి ఉంటాడు. అంతే. కన్నీరు అనే మాట పద్యం మోయదు, విన్నవాడికే వదిలేస్తుంది. వరస మాత్రం అప్పటికే ప్రచారంలో ఉన్న ఒక నాటకాల పాట నుండి తీసుకున్నది. మాట సొంతం, వరస అరువు. మన హరికథకులకూ బుర్రకథకులకూ ఇది కొత్త సంగతి కాదు.

సవతితల్లి మాట వచ్చింది గనుక బాడ్జర్ క్లార్క్ సంగతి. ఈయన పాదిరి కొడుకు. క్షయవ్యాధి సోకి, పొడిగాలి కోసం అరిజోనా చేరి, టూమ్‌స్టోన్ దగ్గర ఒక పశుక్షేత్రంలో కొన్నేళ్లు ఉన్నాడు. ఇంటికి ఉత్తరంలో పద్యం రాసి పంపితే, దాన్ని పత్రికకు పంపి అచ్చు వేయించినది ఆయన సవతితల్లి. పత్రిక పది డాలర్లు ఇచ్చిందట. ఆయన కవి కావడానికి అది కారణమైంది. 1906లో వచ్చిన 'ఎ కౌబాయ్స్ ప్రేయర్' అనే పద్యం గుడి గోడలు అక్కరలేని ఒక కాపరి ఆరుబయట నిలబడి చేసే ప్రార్థన. తన మనసు కూడా మైదానమంత విశాలంగా ఉండాలని కోరుకుంటాడు. కొంచెం తీపి ఎక్కువైన పద్యమని నా అభిప్రాయం. కాని అది పోస్టుకార్డుల మీద వేలాదిగా అచ్చయింది, చాలా వాటి మీద కవి పేరు ఉండవలసిన చోట 'అజ్ఞాతకర్తృకం' అని ఉండేది. 1937లో సౌత్ డకోటా రాష్ట్రం క్లార్క్‌ను తన మొట్టమొదటి ఆస్థానకవిగా ప్రకటించిన తర్వాత కూడా ఆ కార్డులు ఆగలేదు.

క్లార్క్ మరో పద్యం గతి ఇంతకంటే విచిత్రం. ఒక గర్విష్ఠి కాపరి కొండసింహానికి తాడు వేస్తాడు. అది చావదు, వీడు వదలడు. చివరకు ఇద్దరూ ఆ తాడుకు అటూ ఇటూ నిత్యం పరుగెత్తే దయ్యాలై మిగులుతారు. 'ద గ్లోరీ ట్రెయిల్' అని క్లార్క్ పెట్టిన పేరు పోయి, 'హై చిన్ బాబ్' అనే పేరుతో నోళ్లలో తిరిగింది. 1917లో చికాగోలోని 'పొయెట్రీ' పత్రిక దాన్ని కాపరుల జానపద గీతంగా అచ్చు వేసింది. అప్పటికి రెండేళ్ల ముందే, 1915లో, క్లార్క్ తొలి సంపుటి 'సన్ అండ్ సాడిల్ లెదర్' వెలువడి ఉంది. ఆధునిక కవిత్వానికి ముఖపత్రమనిపించుకున్న పత్రిక అది. కాపరి నోట వచ్చిన మంచి పద్యానికి కవి ఉంటాడని దాని సంపాదకవర్గానికి తట్టలేదు. అదే పద్యం బోస్టన్ నుండి టపాలో వచ్చి ఉంటే పేరు అడిగేవారు కాదా?

'హోమ్ ఆన్ ద రేంజ్' అనే పాట చాలామంది విని ఉంటారు. దాన్ని లోమాక్స్ శాన్ ఆంటోనియోలో ఒక నల్లజాతి వృద్ధుడి దగ్గర విన్నాడు. ఆయన ఒకప్పుడు మందల వెంట వెళ్లిన వంటవాడు. 1934లో ఆ పాట మాదంటూ ఒక దంపతులు ఐదు లక్షల డాలర్లకు దావా వేశారు. అప్పుడు ప్రతివాదుల తరఫు న్యాయవాది ఊరూరా తిరిగి, ఆ పాట 1870లలో కాన్సాస్‌కు చెందిన బ్రూస్టర్ హిగ్లీ అనే వైద్యుడు రాసిన పద్యమనీ, ఆ కాలపు స్థానిక పత్రికలోనే అచ్చయిందనీ తేల్చాడు. జానపద శాస్త్రజ్ఞులు చేయవలసిన పని ప్లీడరు చేశాడన్నమాట, అదీ ఫీజు కోసం! 1947లో అది కాన్సాస్ రాష్ట్రగీతమైంది.

మన సాహిత్యంలో దీనికి ఎదురు దిశలో జరిగిన సంగతి ఉంది. చాటుపద్యాలలో కర్త తెలియని మంచి పద్యం కనబడితే దాన్ని శ్రీనాథుడికో తెనాలి రామకృష్ణుడికో అంటగట్టాం. అనాథ పద్యానికి పెద్ద తండ్రిని వెతికి పెట్టాం. అక్కడ తండ్రి బతికుండగానే పద్యాన్ని అనాథను చేశారు. రెంటికీ మూలం ఒకటే అని నాకనిపిస్తుంది: కవి అంటే ఎవరు కావచ్చునో ముందే నిర్ణయించుకుని, ఆ పరిధిలోనే కర్తను చూడడం. మన దృష్టిలో కవి అంటే ఆస్థానంలో ఉండాలి. వారి దృష్టిలో కాపరి కవి కాలేడు, కాపరుల గుంపు మాత్రం కాగలదు.

అయితే కాపరి పద్యాన్ని కాపరే రాయాలా అన్న ప్రశ్న మిగిలి ఉంది. ఇతర దేశాల్లో ఈ పట్టింపు లేదు. అర్జెంటీనాలో గౌచో కాపరుల మహాకావ్యమనదగిన 'మార్తిన్ ఫియెర్రో' 1872లో వచ్చింది. రాసిన హోసే హెర్నాందెస్ పత్రికారచయిత, రాజకీయవాది. ఆస్ట్రేలియా కాపరుల వీరగాథ 'ద మ్యాన్ ఫ్రమ్ స్నోయీ రివర్' 1890 నాటిది. రాసిన బాంజో పాటర్సన్ సిడ్నీలో న్యాయవాది. మనకు గొల్లల కాటమరాజు కథ ఉంది. కరువుకు ఆవులను తోలుకుని నెల్లూరి సీమకు వచ్చిన కాటమరాజుకూ నల్లసిద్ధికీ పుల్లరి దగ్గర వచ్చిన తగవు యుద్ధమైంది. మేతభూమి ఎవరిదన్న ప్రశ్నే టెక్సాస్‌లోనూ ముళ్లతీగల కాలంలో నెత్తురు కార్పించింది గనుక ఈ పోలిక బలవంతం కాదు. కాని ఆ కథను పాడేవారు కొమ్ములవారు, వినేవారు గొల్లలు; గాయకుడు వేరు, కాపరి వేరు. కౌబాయ్ కవిత్వం మాత్రం నేను చేసే పని గురించి నేనే చెబుతాను అంటుంది. ఇది దాని ప్రత్యేకత. ఇది దాని బిగుసుకుపోయిన నియమం కూడా. క్లార్క్‌ను తీసుకుంటే ఆయన కాపరిగా గడిపినది కొన్నేళ్లే. జీవితమంతా జీను మీద గడిపినవారు ఆయన పద్యాలను తమవిగా చెప్పుకున్నారు. కనుక కొలబద్ద జీవితచరిత్ర కాదు. పని చేసేవాడి చెవి ఏది ఒప్పుకుంటుందో అదే.

ఈ చెవి విషయంలో బ్రూస్ కిస్కాడన్‌ను మించినవాడు లేడు. 1878లో పెన్సిల్వేనియాలో పుట్టి, కొలరాడోలో, ఆస్ట్రేలియాలో, అరిజోనాలో కాపరిగా పనిచేసి, చివరకు సినిమా పని వెతుక్కుంటూ లాస్ ఏంజెలెస్ చేరాడు. మిగిలిన జీవితం అక్కడి హోటళ్లలో అతిథుల పెట్టెలు మోసే పనివాడుగా గడిచింది. గంట మోగనప్పుడు పద్యం రాసేవాడు. ఆ పద్యాలు పశువుల వ్యాపారుల పత్రికలోనూ, పశువుల సంత వారు నెలనెలా వేసే క్యాలెండర్ల మీదా అచ్చయ్యాయి. న్యూ మెక్సికోకు చెందిన కాథరీన్ ఫీల్డ్ వాటికి బొమ్మలు వేసేది. క్యాలెండరు పశుక్షేత్రాల వంటింటి గోడకు వేలాడేది. నెల గడిచేసరికి పద్యం ఇంటిల్లిపాదికీ నోటికి వచ్చేది. మహాకవులకు దక్కని ప్రచురణ మార్గమిది! శరత్కాలంలో పశువులను రైలెక్కించేశాక కాపరి మనసులో మిగిలే వెలితి మీద ఆయన రాసిన పద్యం ఇప్పటికీ సభల్లో వినబడుతుంది. ఆయనకు పెద్ద ఊహలు లేవు, అలంకారాలు దాదాపు లేవు. తాను వదిలి వచ్చిన పనిని రోజుకు ఒక్కొక్కటిగా, తప్పు లేకుండా గుర్తు చేసుకోవడమే ఆయన కళ. దూరం ఆయన జ్ఞాపకాన్ని మెత్తబరచలేదు. సొంత సీమకు దూరంగా ఉన్న మనవంటివారు కిస్కాడన్‌ను ఈ ఒక్క గుణం కోసమైనా చదవాలి. 1950లో పోయాడు.

1985 జనవరి నెలాఖరులో నెవాడాలోని ఎల్కో అనే చిన్న పట్నంలో హాల్ కానన్ తదితర జానపద పరిశోధకులు మొట్టమొదటి కాపరికవుల సభ జరిపారు. ఆ నెలే ఎందుకంటే పశుక్షేత్రాలలో పని తక్కువ ఉండేది అప్పుడే. అనుకున్నదానికంటే చాలా ఎక్కువమంది వచ్చారు. పక్క లోయలో కూడా పద్యం చెప్పేవాడున్నాడని తెలియక, నేనొక్కడినే అనుకుంటూ బతికినవారు ఒకరినొకరు చూసుకున్నారు. ఈసారి పరిశోధకులు లోమాక్స్ తప్పు చేయలేదు. ప్రతి పద్యానికీ పేరు అడిగారు. 2025లో నలభయ్యవ సభ జరిగింది. మధ్యలో 2011లో సెనేటర్ హ్యారీ రీడ్ బడ్జెట్ చర్చలో ఈ సభను ప్రస్తావించి, కళలకిచ్చే నిధులు కోయవద్దన్నందుకు ప్రతిపక్షాలవారు నవ్వుకున్నారు. కాపరికి కవిత్వమేమిటన్న పాత నవ్వే అది.

ఎల్కో వెలుగులోకి తెచ్చినవారిలో మాంటానా పశుపోషకుడు వాలెస్ మెక్రేను ముందు చెప్పాలి. 1990లో ఆయనకు జాతీయ వారసత్వ పురస్కారం దక్కింది. 'రీఇన్‌కార్నేషన్' అనే ఆయన హాస్యపద్యం మనకు ప్రత్యేకంగా ఆసక్తికరం. పునర్జన్మ అంటే ఏమిటని ఒక కాపరి స్నేహితుణ్ణి అడుగుతాడు. వాడు ఓపికగా చెబుతాడు: నిన్ను కడిగి పెట్టెలో పెట్టి పాతిపెడతారు, నువ్వు మట్టివవుతావు, ఆ మట్టిలో గడ్డి మొలుస్తుంది, పువ్వు పూస్తుంది, గుర్రం దాన్ని మేస్తుంది, కొంత ఒంటబట్టి తక్కినది నేల మీద పడుతుంది, ఆ దారిన పోతూ నేను దాన్ని చూసి, నువ్వేమీ పెద్దగా మారలేదే అనుకుంటాను! మన పునర్జన్మలో కర్మ లెక్క ఉంటుంది. ఇందులో పాపం లేదు, పుణ్యం లేదు, గడ్డి ఉంది. నోటితో వేదాంతం చెబుతూనే కన్ను మాత్రం మేత మీద, పేడ మీద ఉన్నవాడి పద్యం ఇది. తిట్టే ప్రేమ అనేది వృత్తిబంధువులకు తెలిసిన మాట.

అదే మెక్రే నవ్వు మానేసినప్పుడు ఎలా ఉంటాడో 'థింగ్స్ ఆఫ్ ఇంట్రిన్సిక్ వర్త్' చెబుతుంది. ఆయన ప్రాంతంలో బొగ్గు కోసం నేలను పైనుండి ఒలుచుకుంటూ పోయే గనులు వచ్చాయి. 1913లో తండ్రి తన పేరు చెక్కిన బండ ఏమైందంటే, పేల్చి పిండి చేసి యంత్రంతో పూడ్చిపెట్టారు. పద్యం నినాదం ఇవ్వదు. ఇక్కడ ఇది ఉండేది, గుర్తుందా అని అడుగుతూ పోతుంది. ఈ కవిత్వంలో నేను చదివినంతలో దీన్ని మించినది లేదు. పాత బంగారు రోజుల పలవరింతే ఈ సంప్రదాయానికి పట్టిన పెద్ద జబ్బు. అదే జ్ఞాపకం ఇక్కడ సాక్ష్యంగా మారింది.

జబ్బుల మాట వచ్చింది గనుక దాచనక్కరలేదు. ప్రాస కోసం ఈడ్చిన పాదాలు, ముసలి గుర్రం మీద కన్నీళ్లు, ప్రతి సభలోనూ విసుగు పుట్టేటన్ని ఉంటాయి. పశువైద్యుడైన బాక్స్‌టర్ బ్లాక్ (2022లో మరణించాడు) హాస్యం రేడియోలో దేశమంతా విన్నది గాని, కాగితం మీద సగం చల్లారిపోతుంది. ఇంతకంటే లోతైన లోపం మౌనం. ఈ గడ్డి మీద అంతకుముందు బైసన్ మందలు ఉన్నాయి, వాటి మీద బతికిన ఆదివాసి జాతులు ఉన్నాయి. అవి ఖాళీ అయితేనే ఆవులకు చోటు దొరికింది. కంచె వేసినవాణ్ణి శపించే పద్యాలు ఎన్నో ఉన్నాయి. తన మంద ఎవరి నేల మీద నిలబడిందో అడిగే పద్యాలు మాత్రం అరుదు. జార్జీ సికింగ్ వంటి ఆడవాళ్లు మగవాళ్లతో సమంగా కూలికి కాపరులుగా పనిచేసి పద్యాలు చెప్పినా, 1994లో టెరీసా జోర్డన్ 'గ్రెయినింగ్ ద మేర్' పేర స్త్రీల సంకలనం తెచ్చేదాకా వారికి తగినంత చోటు దక్కలేదు.

ఛందస్సు గొడవ కూడా ఉంది. రోడియోలో గుర్రాలెక్కిన పాల్ జార్జిస్కీ, విశ్వవిద్యాలయంలో రిచర్డ్ హ్యూగో దగ్గర కవిత్వం చదువుకుని వచ్చి, ఎల్కోలో వచనకవిత చదివాడు. ప్రాస లేనిది కాపరి పద్యమెలా అవుతుందని కొందరు గొణిగారు. మనం వచనకవిత మీద చేసిన రభసే. దీనికి ఎదురుగా టెక్సాస్‌కు చెందిన బక్ రామ్సే ఉన్నాడు. గుర్రం వల్ల జరిగిన ప్రమాదంలో నడక పోయి చక్రాల కుర్చీకి పరిమితమైన ఈ కాపరి, తన దీర్ఘకావ్యానికి రష్యన్ కవి పుష్కిన్ 'యెవ్‌గెనీ అనేగిన్'లో వాడిన పద్నాలుగు పాదాల చరణాన్ని ఎంచుకున్నాడు. 'అండ్ యాజ్ ఐ రోడ్ అవుట్ ఆన్ ద మార్నింగ్' పేర 1993లో అది పుస్తకమైంది. 1998లో మరణించాడు. పుష్కిన్ చరణంలో టెక్సాస్ గడ్డి మీద పొద్దుపొడుపు! దీన్ని జానపదమందామా, శిష్టకావ్యమందామా? మన పాఠ్యప్రణాళికలో రెంటికీ వేరు వేరు ప్రశ్నపత్రాలున్నాయి.

హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూరు, యానాం వైపు నుండి మన విద్యార్థులు సెలవులకు ఇళ్లకు వెళ్లి సేకరించి తెచ్చే పాటలకు ఒక నమూనా పత్రం నింపుతారు. అందులో పాడినవారి పేరు, వయసు, ఊరు అనే గళ్లు ఉంటాయి. 'కర్త' అనే గడిలో దాదాపు అందరూ ఇంట్లో నుండి బయలుదేరకముందే 'అజ్ఞాతం' అని రాసుకుని పోతున్నారు. ఈసారి ఆ గడి ఖాళీగా ఉంచుకుని వెళ్లండి. పాట అయిపోయాక, 'ఇది ఎవరు కట్టారమ్మా?' అని అడిగి, ఆమె చెప్పింది రాయండి.